తాతగారికి అరువిచ్చిన నాలుక

పోయిన నెల మా పెదనాన్నగారి మనవడు కారు వేసుకుని వచ్చాడు. తాతగారి పేరు మీద చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయిస్తున్నారట. ఆయన చేతి ఔషధంతో బాగుపడినవాళ్ల మాటలు, పాత ఫొటోలు, ఇంట్లోవాళ్ల జ్ఞాపకాలు అందులో ఉంటాయట. "అత్తయ్యా, మీరూ రెండు పేజీలు రాసివ్వండి. పంతులమ్మగా చేసేరు కదా, మీకు తెలియనిదేముంది" అన్నాడు. కాఫీ తాగి చెప్పులు వేసుకుంటూ, "కామేశం బాబాయిగారి సంగతి మాత్రం వద్దులెండి, శుభమా అని వేయిస్తున్నాం" అని నవ్వాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండింది. అయినా రాసిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. తాతగారు నిజంగానే గొప్ప వైద్యులు, నిజంగానే లేనివాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఆ రెండు పేజీల్లో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను. కామేశం నా అన్న. నాకన్నా రెండేళ్లు పెద్ద. మీసం మొలిచీ మొలవకముందే తాగుడికి అలవాటుపడ్డాడు, ఆ మీసం గట్టిపడకముందే మానేశాడు. మా ఇంట్లోవాళ్లు మొదటిదాన్ని క్షమించారు, రెండోదాన్ని క్షమించలేదు.

మా ఇల్లు కొత్తపేటకి దగ్గర్లో, పంటకాలువ గట్టుకి ఆనుకుని ఉండేది. డెబ్బైలలో ఆ గుమ్మం తొక్కినవాళ్లకి మనుషులకన్నా ముందు వాసన ఎదురయ్యేది. నేతిలో వేగుతున్న ఆకుల వాసన, దంచిన శొంఠి ఘాటు, వీటన్నిటి కింద ఏ వేళప్పుడూ పోకుండా పులిసిన బెల్లం వాసన. బళ్లో పిల్లలు నా పక్కన కూర్చుని, "నీ జడ కూడా మందుకొట్టు వాసనేస్తందే" అనేవారు. తాతగారు తెల్లవారుజామునే కాలువలో స్నానం చేసి, తడిబట్టతో వచ్చి, అన్నయ్యని లేపి పక్కన కూర్చోబెట్టుకుని వేదం వల్లె వేయించేవారు. పొద్దెక్కాక వీధి అరుగు మీద పీట వేసుకుని రోగుల్ని చూసేవారు. ఆలమూరు నుంచి, రాజోలు నుంచి, ఉప్పలగుప్తం అవతల సముద్రపొడ్డు పల్లెల నుంచి కూడా బళ్ల మీద, పడవల మీద వచ్చేవారు. మధ్యాహ్నం భోజనం ఒంటిగంటకి అంటే ఒంటిగంటకే. ఆయన విస్తరి ముందు కూర్చుంటేగాని ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. మా నాన్నగారు బళ్లో లెక్కలు చెప్పేవారు, ఇంటికి వచ్చాక మాత్రం తండ్రి ఎదుట చంటిపిల్లాడి కింద లెక్క. పెద్దకొడుకు కాదు, వైద్యం అబ్బలేదు. ఆ రెండు విషయాలూ ఆయన నడకలోనే తెలిసిపోయేవి.

ఇంటికి ఉత్తరంవైపు ఔషధాల గది. నేలంతా ఊక పోసి, అందులో పెద్ద పెద్ద జాడీలు మెడదాకా పాతి ఉంచేవారు. మా తాతగారి ద్రాక్షాసవానికి కోనసీమంతటా పేరు. ఎండుద్రాక్ష, బెల్లం, తేనె, పులవడానికి ధాతకీ పువ్వులు, ఇంకా ఏవేవో చూర్ణాలు నీళ్లలో కలిపి జాడీలోకి ఎత్తి, మూతకి గుడ్డ చుట్టి, మట్టి మెత్తి ఊకలో నెల్లాళ్లు ఉంచాలి. నెల తిరిగాక ఆయన జాడీకి చెవి ఆనించి వినేవారు. లోపల చిటపటలు ఆగితే పులియడం అయిపోయినట్టు. తరవాత మూత తీసి వెలిగించిన వత్తి లోపలికి దించేవారు. వత్తి ఆరిపోతే ఇంకా కాలేదు, నిలిచి వెలిగితే అయింది. ఇంతవరకూ చెవితోనూ కంటితోనూ జరిగే పని. ఆఖరిది, అసలుది, ముక్కుతోనూ నాలుకతోనూ జరగాలి. అక్కడే వచ్చింది చిక్కు. ముక్కుపొడుం పీల్చీ పీల్చీ తాతగారికి వాసనా పోయింది, రుచీ పోయింది. సాంబారులో ఉప్పు లేకపోయినా ఆయనకి తెలిసేది కాదు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియకూడదు. రుచి తెలియని వైద్యుడి దగ్గరికి ఎవడొస్తాడు? అందుకని ఆయన మా అన్నయ్య నాలుక వాడుకున్నారు.

వాడికి అప్పటికి పన్నెండేళ్లు. మొదటిసారి పిలిచినప్పుడు వేలితో అద్దుకుని నాకమన్నారు. వాడు నాకి, కళ్లు మూసుకుని, "తీపి ముందొచ్చిందండీ, వగరు వెనకొచ్చిందండీ, గొంతులో ఏదో వెచ్చగా దిగిందండీ" అన్నాడు. తాతగారు మురిసిపోయారు. "వేలితో తెలియదురా. గుక్కెడు పుచ్చుకో, అసలు రుచి గొంతులో ఉంటుంది" అన్నారు. ఆ రోజునుంచి జాడీ విప్పినప్పుడల్లా వాడికి పిలుపు. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక జాడీ విప్పుతూనే ఉండేవారు. వచ్చినవాళ్లందరితోనూ, "నా విద్య వీడికేనయ్యా, ఆ నాలుక చూశారూ, భగవంతుడిచ్చిన తరాజు" అని చెప్పుకునేవారు. పెదనాన్నగారికి ఇద్దరు కొడుకులుండగా ఆ మాట మా అన్నయ్యని గురించి అనడంతో మా అమ్మ మొహం వెలిగిపోయేది. రెండోకోడలిగా పొయ్యి దగ్గరే బతుకు వెళ్లిపోతున్న మనిషికి, ఆ గది ఒకరోజు తన కొడుకుదవుతుందన్న ఆశ ఒక్కటే మిగిలింది. అన్నయ్య ఆ గదిలోంచి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చినప్పుడు కూడా ఆవిడ కంటికి కనపడింది ఆ ఆశే.

పద్నాలుగో ఏట వాడికి టైఫాయిడ్ వచ్చి తగ్గింది. నీరసానికి పూటకి రెండు చెంచాలు పుచ్చుకోమన్నారు తాతగారు. రెండు చెంచాలు ఎప్పుడు గిన్నెడయిందో, గిన్నెడు ఎప్పుడు చెంబెడయిందో ఎవరూ చూడలేదు. చెంబు పట్టుకుని కొబ్బరితోటలోకి వెళ్లే మగపిల్లాణ్ని ఎక్కడికిరా అని మావైపు ఎవరూ అడగరు. వాడు రోజూ ఆ చెంబులోనే తీసుకెళ్లి తాగాడు. జాడీలో తగ్గినదానికి కషాయం పోసి నింపేవాడు. "ఈమధ్య ఆసవం పలచగా ఉంటోందండీ" అని రోగులెవరో అంటే, తాతగారు కొత్త జాడీలకి బెల్లం మోతాదు పెంచారు. బెల్లం పెరిగితే బలం పెరుగుతుంది. అలా వాడు దొంగిలించిన కొద్దీ సరుకు ఇంకా ఘాటెక్కింది. పదో తరగతి తప్పాడు. గుణం మారింది. నా జడ లాగి ఏడిపించే మనిషి, పిలిస్తే ఉలిక్కిపడేవాడు. ఒకసారి పెరట్లో నన్ను ఊరికే చెంపమీద కొట్టి, వెంటనే నా చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎందుకు కొట్టాడో వాడికే తెలియలేదు.

ఆ తరవాత పొద్దున్న పూట చేతులు వణకడం మొదలైంది. సంధ్యావందనంలో ఉద్ధరిణెతో నీళ్లు తీసుకుంటే అరచేతిలో పడేవి కావు, పంచె మీద ఒలికేవి. తాతగారు చూశారు. అరుగు మీద అందరి ముందూ వాడి నాడి పట్టుకుని కళ్లు మూసుకుని, "వాతం ప్రకోపించింది" అన్నారు. "పొద్దున్నే పరగడుపున ఆసవం మోతాదు పెంచితే సరి" అని తన చేత్తోనే గిన్నెడు పోసి ఇచ్చారు. వాడు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. అందరం చూస్తూ ఉన్నాం. కాసేపటికి వేళ్లు నిలకడగా అయిపోయాయి, మొహంలోకి రంగు వచ్చింది. తాతగారు చుట్టూ చూసి, "చూశారూ గుణం" అన్నారు. అరుగు మీద వాళ్లంతా ఆయ్ ఆయ్ అని తలలూపారు. అమ్మ తలుపు వెనక నుంచి చూసి కళ్లొత్తుకుంది. ఆ రోజునుంచి మా అన్నయ్య దొంగతనంగా తాగక్కర్లేకపోయింది. తాతగారే పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పిలిచి పోసేవారు. ఉల్లిపాయ గడప దాటని ఇల్లు మాది. కల్లు తాగొచ్చిన రోగిని మెట్టు కింద నిలబెట్టి, "నీ కడుపులో ఉన్న పాపానికి నా దగ్గర ఔషధం లేదు, పో" అని గెంటేసిన మనిషి ఆయన. ఆ గెంటిన చేత్తోనే మనవడికి పోశారు.

మరుసటి ఏడు తాతగారు కాశీ వెళ్లారు. ఉత్తరపు గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని మరీ వెళ్లారు. మూడోనాటికి అన్నయ్య ఒంటిమీద లేని చీమల్ని దులుపుకోవడం మొదలుపెట్టాడు. "బుజ్జీ, వీపు మీద చూడవే, పాకుతున్నాయి" అని నాకు వీపు తిప్పి చొక్కా చింపేసుకున్నాడు. వాకిట్లో పడిపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నోట నురగ వచ్చింది. పెదనాన్నగారు గాలి సోకిందని మంత్రగాడికి కబురు పంపారు. నాన్నగారు గొడుగు తీసుకుని బడికి వెళ్లిపోయారు, ఆ పూట పరీక్షలట. అమ్మ ఎవరినీ అడగలేదు. రిక్షా పిలిచి, వాణ్ని ఎక్కించి, పట్టుకోడానికి నన్ను ఎక్కించుకుని, బస్సు దగ్గరికీ అక్కణ్నుంచి అమలాపురం ఆస్పత్రికీ తీసుకెళ్లింది. ఆవిడ అంతదూరం మగదిక్కు లేకుండా వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కడ డాక్టరమ్మ వాణ్ని చూసి సూది వేయించాక, "ఎన్నాళ్లనుంచి తాగుతున్నాడమ్మా?" అని అడిగింది.

"తాగడమేమిటండీ. మేం అలాంటి ఇంటివాళ్లం కామండి" అంది అమ్మ.

"పొద్దున్న లేవగానే చేతులు వణుకుతాయా?"

"ఆయ్, వణుకుతాయండి. మా మావయ్యగారు ద్రాక్షాసవం ఇస్తారండి, ఇట్టే తగ్గిపోతుందండి."

"ఎంత ఇస్తారు?"

అమ్మ చేత్తో గిన్నె కొలత చూపించింది. డాక్టరమ్మ కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకుని మెల్లిగా చెప్పింది. "అది పులిసిన సరుకమ్మా. చెంచాడు తాగితే ఔషధం, చెంబెడు తాగితే సారాయికీ దానికీ తేడా లేదు. వాడికి అది లేకపోతే ఫిట్లు వస్తున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే పోస్తే పిల్లాడు దక్కడు. ఇక్కణ్నుంచి వెళ్లాక చెంచాడు కూడా వాడి నోట్లో పడకూడదు. చెంచాడు కూడా, అర్థమైందా?" అమ్మ ఆయ్ అంది. పక్కమంచం మీద మా అన్నయ్య ఈడువాడే, సముద్రపొడ్డునుంచి తెచ్చిన పల్లెకారుల కుర్రాడు ఒకడున్నాడు. వాడి తల్లి వచ్చినవాళ్లందరికీ, "మావోడు కల్లుకి మరిగిపోయేడండీ, డాక్టరమ్మగారు బాగుసేత్తన్నారండీ" అని చెప్పేసేది. అమ్మ మాత్రం మావాడికి టైఫాయిడ్ తిరగబెట్టిందని చెప్పేది. డాక్టరమ్మ ఊరుకోలేదు. రోజూ పొద్దున్న అన్నయ్యని తన బల్ల దగ్గరికి పిలిచి, నీ జబ్బేమిటో పేరుపెట్టి చెప్పు అనేది. మొదట్లో వాడు తలదించుకుని గొణిగేవాడు. వారాలు గడిచాక, వేదం చెప్పే ఆ గొంతుతోనే, వార్డంతా వినబడేలా, "తాగుడండీ" అనేవాడు. జావ తాగడం, అన్నం తినడం, చెమటలు పట్టి పక్క తడిసిపోవడం, మళ్లీ జావ. ఒకరోజు గ్లాసునిండా మజ్జిగ పోసి, చుక్క ఒలక్కుండా నా దగ్గరిదాకా తెచ్చి ఇచ్చాడు. ఆ పూట మా ఇద్దరికీ పండగే.

ఇంటికి తిరిగొచ్చేసరికి తాతగారు కాశీనుంచి వచ్చేసి ఉన్నారు. ఆస్పత్రి సంగతి ఆయనకి అప్పటికే చెప్పేశారు. అరుగు నిండా రోగులున్నారు. "రారా కామేశం, జాడీ ఒకటి విప్పాలి, నీకోసమే ఆగేను" అన్నారు, ఏమీ జరగనట్టు. అన్నయ్య మెట్టు కిందే నిలబడిపోయాడు.

"తాతగారూ, నాది వాతం కాదండీ. నేను తాగుబోతునయ్యేనండి. ఇంక ఆ గదిలోకి రాను, రుచి చూడను. నాడి చూడ్డం నేర్పండి, మూలికలు నూరమంటే నూరతాను."

తాతగారు పీట మీంచి లేవలేదు.

"నేను చేసింది ఆసవమా, సారాయా?"

"ఆసవమేనండి."

"మరి దాన్ని పుచ్చుకున్నవాడు తాగుబోతెలా అవుతాడు?"

"నేనయ్యేనండి."

ఆయన లోపలికి వెళ్లి వెండిచెంచా నిండా ఆసవం తెచ్చారు. చెయ్యి చాపి పట్టుకుని, "ఇది పుచ్చుకో. ఇది ఔషధమని వీళ్లందరి ముందూ చెప్పు. చెప్పి లోపలికెళ్లి అన్నం తిను. నా విద్యంతా నీది. చెప్పలేవూ, ఈ గడపలో నీకు పనిలేదు" అన్నారు. ఆయనకి మనవడు చెడిపోవడం పట్టలేదు. తన ఔషధానికి మాట రావడం పట్టింది. నాన్నగారు స్తంభం పక్కన నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, "ఒక్క చెంచాయే కదురా. పెద్దాయన మాట దక్కించు" అన్నారు. తలుపు రెక్క పట్టుకుని నిలబడిన అమ్మ వైపు చూశాడు అన్నయ్య. డాక్టరమ్మ చెప్పింది విన్నది ఆవిడ. చెంచాడు కూడా వద్దని రెండుసార్లు విన్నది. ఆవిడ నోరు తెరుస్తుందని వాడితోపాటు నేనూ ఎదురుచూశాను. అమ్మ తలదించుకుంది. అన్నయ్య తాతగారికి నమస్కారం చేసి, వచ్చిన సంచీ అలాగే భుజాన వేసుకుని, గేటు తీసుకుని వెళ్లిపోయాడు. ఆస్పత్రిలో వాణ్ని కనిపెట్టి చూసిన కాంపౌండరుది నేతగాళ్ల ఊరు బండారులంక. వాళ్లింటికి వెళ్లి, వాళ్ల నాన్న దగ్గర మగ్గం పని నేర్చుకున్నాడు. తెగిన పోగు అతకడం వణికే చేతులకి రాదు. వాడికి వచ్చింది.

వాడు వెళ్లిన వారం తిరక్కుండా తాతగారు నన్ను పిలిచారు. జాడీ విప్పి ఉంది. "ఇలా రావే బుజ్జీ, గుక్కెడు పుచ్చుకుని ఎలా ఉందో చెప్పు" అన్నారు. నేను గడపలో కాలు పెట్టానో లేదో, అమ్మ వంటింట్లోంచి వచ్చి నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. కాపురానికి వచ్చాక ఆవిడ మావగారి ఎదుట నిలబడి మాట్లాడడం అదే మొదలు. "దాన్ని వదిలెయ్యండి మావయ్యగారూ. ఒక నాలుక ఇచ్చేం, చాలండి" అంది. మర్నాటినుంచి తాతగారు పెదనాన్నగారి పెద్దకొడుకుని పిలిచారు. అతను రుచి చూసి ఉమ్మేసేవాడు. ఉమ్మెయ్యాలని పెదనాన్నగారు ముందే చెప్పి పంపారు. అంటే ఆయనకి తెలుసు. ఇన్నాళ్లూ తెలిసే మా అన్నయ్యని చూస్తూ ఊరుకున్నారు. గదీ విద్యా పేరూ ఆ కొమ్మకే వెళ్లాయి. ఇప్పుడు సీసాల మీద తాతగారి బొమ్మ కూడా వేస్తున్నారు.

తాతగారు పోతే అన్నయ్యకి కబురు వెళ్లలేదు. వాడు ఇప్పటికీ బండారులంకలోనే ఉన్నాడు, పెళ్లాం పిల్లలు, మనవలు. ఆ తరవాత చుక్క ముట్టలేదు. మగ్గం మీద కూర్చున్నప్పుడు అప్పుడప్పుడూ వేదం చెప్పుకుంటాడు, వినడానికి మాత్రం ఎవరినీ పిలవడు. ఈమధ్య మా ఊరు వెళ్లాను. బడికి దగ్గర్లోనే వైన్ షాపు. ఇంకా గడ్డం రాని కుర్రాళ్లు మోటారుసైకిళ్ల మీద సీసాలు పట్టుకుని కాలువ గట్టున కూర్చున్నారు. పెళ్లిభోజనాల దగ్గర తండ్రే నవ్వుతూ, "మావాడు కాస్త పుచ్చుకుంటాడండీ" అంటున్నాడు. అప్పుడు ఔషధమన్నారు, ఇప్పుడు సరదా అంటున్నారు. ఆ డాక్టరమ్మ చెప్పమన్న మాట మాత్రం అప్పుడూ మా ఇంట్లో అన్నయ్య నోట తప్ప ఎవరి నోటా రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. కాలం మారిందని సంతోషించడానికి నాకేమీ కనపడలేదు.

అమ్మ ఆఖరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగేశాను. "అమ్మా, నాకోసం తాతగారిని ఎదిరించేవు. వారం ముందు అరుగు మీద అన్నయ్య కోసం ఆ మాటెందుకు అనలేదు?"

అమ్మ నాలుగు కాయలు ఒలిచింది.

"వాడికి ఆ విద్య వస్తుందనుకున్నానే. ఆ గదంతా వాడిదవుతుందనుకున్నాను. నోరు విప్పితే ఎక్కడ పోతుందోనని భయమేసింది."

"మరి నా విషయంలో భయం లేదా?"

"నీకు ఆ ఇంట్లో వచ్చేదేముంది, పోడానికి? అందుకే నోరు పెగిలింది" అంది అమ్మ.